కండె బిగించినావా?

నాకు ఇరవై రెండేళ్ళప్పుడు తుమ్మంటే భయం. దగ్గంటే భయం. ఎవరైనా నవ్వు పుట్టించే మాట మొదలుపెడితే అక్కణ్ణించి లేచి పోవాలన్నంత భయం. ఆ భయం ఎట్లా వచ్చిందో, దాన్ని ఎవరు తరిమారో, అది పోయిన రోజు మా ఇంట్లో ఎంత గోల జరిగిందో చెప్పాలని ఎన్నో ఏళ్ళుగా అనుకుంటున్నాను. చెప్పాలనుకుంటేనే ఇప్పటికీ కూర్చున్నచోట కుదురుగా ఉండలేను.

మా పుట్టిల్లు ఆదోని. మా నాయన జంఖానాలు నేసేవాడు. నన్ను ఎమ్మిగనూరులో చీరలు నేసే ఇంటికి ఇచ్చారు. మామ నా పెళ్ళికి ముందే పోయాడు. ఇంట్లో మా అత్త, మా ఆయన, నేను. ముందు గదిలో నేలలో గుంత తవ్వి మగ్గం, దాని పక్కనే నా రాట్నం. నేను రాట్నం తిప్పి చిన్న కండెలకు నూలు చుట్టి ఇస్తే, ఆయన వాటిని నాడెలో పెట్టుకుని నేసేవాడు. నేస్తూ నేస్తూ ఏదో ఒక తమాషా మాట అనేవాడు. నేను పడీపడీ నవ్వేదాన్ని. ఆ మొదటి ఏళ్ళలో మా ఇంటి నుంచి మగ్గం చప్పుడుతో పాటు నా నవ్వు కూడా వీధి చివరిదాకా వినబడేదట.

మా తాలూకా బళ్ళారి జిల్లా నుంచి కర్నూలు జిల్లాలోకి మారిన మరుసటి ఏడు నాకు రెండో కాన్పు. మొదటివాడు సులువుగా పుట్టాడు. రెండోది ఆడపిల్ల, రెండు రోజులు నన్ను ఏడిపించి పుట్టింది. "ఏం బిడ్డమ్మా ఇది, గుమ్మడికాయ ఉన్నట్టుంది!" అంది మంత్రసాని. బిడ్డ బాగుంది, తల్లి బతికింది, ఇంకేం కావాలని అందరూ సంతోషించారు. పదకొండో రోజు స్నానం చేసి లేచి తుమ్మాను. కాళ్ళ వెంట వెచ్చగా జారింది. పచ్చి ఒళ్ళు గదా, నాలుగు రోజుల్లో పోతుందిలే అనుకున్నాను.

పోలేదు. మూడో నెలలో బావికి పోవడం మొదలుపెట్టాను. నిండు బిందె చంకకెత్తిన ప్రతిసారీ చీర తడిసేది. బావి దగ్గర అది ఒక విధంగా నయం, బిందె తొణికిందని చెప్పుకోవచ్చు. రాట్నం ముందు కూర్చున్నప్పుడు ఏం చెప్పాలి? పాత చీర చింపి మడతలు పెట్టి కట్టుకునేదాన్ని. ఆ గుడ్డలు ఉతికి, ఎవరి కంటా పడకుండా దొడ్లో కట్టెల మోపుల వెనక ఆరేసేదాన్ని. పెళ్ళిళ్ళకు తలనొప్పి అని చెప్పి పోలేదు. భజనకు పోలేదు. పక్కింటివాళ్ళు పిలిస్తే బిడ్డ ఏడుస్తోందని చెప్పేదాన్ని.

ఒకరోజు ఆయన మగ్గంలోంచి తమాషా మాట ఒకటి అని, నా వైపు చూశాడు. నేను పెదవులు బిగించి తల వంచుకున్నాను.

"ఏమయిందే నీకు? నవ్వేది మర్సిపోయినావా?" అన్నాడు.

"ఏం లేదప్పా" అన్నాను. ఇట్లాంటిది మగవాడితో ఎట్లా చెప్పేది? ఆడవాళ్ళతో చెప్పడం మాత్రం ఏం సులువు? మా అత్తను చూస్తేనే నాకు నోరు పడిపోయేది. ఆమె పొడుగ్గా, నిటారుగా, మాట తక్కువగా ఉండేది. ఎవరింటికీ పోయేది కాదు. పెళ్ళి పిలుపు వస్తే పసుపూ కుంకుమా రవికెగుడ్డా ఎవరి చేతనో పంపించేది గానీ తాను గడప దాటేది కాదు. "ఆయమ్మకు పొగరు" అని వీధిలో అనుకునేవారు. నిజం చెప్పాలంటే నేనూ అట్లాగే అనుకున్నాను.

నేను చేసిన అసలు తెలివితక్కువ పని నీళ్ళు తాగడం మానేయడం. లోపలికి పోకపోతే బయటికి రావు గదా అనుకున్నాను. మా ఎండల సంగతి మీకు తెలుసు. ఆ ఎండల్లో పొద్దుట్నుంచి పొద్దుమునిగేదాకా నాలుగైదు గుక్కలతో గడిపేదాన్ని. దానికి తోడు పావుగంటకొకసారి, రాకపోయినా సరే, దొడ్లోకి పోయి వచ్చేదాన్ని. వైశాఖంలో ఒకరోజు మంట మొదలైంది. మంటంటే మామూలు మంట కాదు, నిప్పుల మీద కూర్చున్నట్టు. సాయంత్రానికి చలిజ్వరం. మరుసటి రోజు ఆయన నన్నూ చంటిదాన్నీ బస్సెక్కించి ఆదోనికి తీసుకుపోయి మా అమ్మ దగ్గర దించి వచ్చాడు. మా అమ్మ నన్ను ఆసుపత్రికి తీసుకుపోయింది.

అక్కడ ఆడవాళ్ళను చూసే నర్సమ్మకు ముప్పై దాటి ఉంటాయి. ఆలూరు దిక్కు పల్లెలో కూలిచేసుకునే కిరస్తానీ ఇంటి బిడ్డ. మదరాసులో చదువుకుని వచ్చింది గానీ మాట మాత్రం మా మాటే. నా చెయ్యి పట్టి చూసి, గబగబా అడగడం మొదలుపెట్టింది.

"ఎన్నిమార్లు పోతాండావు ఒంటికి?"

"పావుగంటకొకసారి నర్సమ్మా. పోయినా రెండు సుక్కలే."

"నీళ్ళు ఎన్ని తాగుతావు?"

మా అమ్మ అందుకుంది. "ఇది వచ్చినప్పట్నుంచీ చెంబు ఎత్తంగ నేను సూడ్లేదమ్మా."

నర్సమ్మ ఒక క్షణం నా మొహంలోకి చూసింది. మా అమ్మను బయట కూర్చోమని పంపి, తలుపు దగ్గరికి వేసి, నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది. "తుమ్మితే పడతాంది గదా?"

నా గుండె ఆగిపోయింది. "నీకెట్ల తెలుసు నర్సమ్మా?"

"నీ మాదిరి ఎంతమందిని సూసినానో! ఒక్కరూ నోరిప్పి సెప్పరు. అందరూ నీళ్ళు మానేసి, జ్వరం తెచ్చుకోని, అప్పుడొస్తారు నా దగ్గరికి."

ఎంతమందినో! ఆ ఒక్క మాటకే నాకు ఏడుపు తన్నుకొచ్చింది. నేనొక్కదాన్నే కాదు! ఆ జ్వరంలోనే, ఆ మంటలోనే, లేచి గంతులు వేయాలనిపించింది. నర్సమ్మ నన్ను ఏడవనిచ్చి, తర్వాత చేతులు రెండూ దోసిలిలాగా పట్టి చూపించింది.

"ఇదో, సూడు. బిడ్డసంచి, ఉచ్చసంచి, ఇవన్నీ కిందికి జారకుండ ఒక కండ ఇట్ల పట్టుకోని ఉంటాది. ఉయ్యాల గుడ్డ మాదిరి. నీ రెండో కాన్పులో అది సాగిపోయింది. పైల్వాన్లు సాము సేసి భుజాలు గట్టిపరుసుకోరా? ఇది కూడా అంతే. ఆడోళ్ళ సాము ఇది."

"ఆ కండ యాడుందో ఎట్ల తెలుస్తాది?"

"పెండ్లి పందిట్లో పదిమంది మధ్య కూసున్నావు. కడుపులో గాలి బయటికి వస్తానంటాంది. ఏం సేస్తావు?"

నాకు నవ్వు ఆగలేదు. నవ్వితే ఏమవుతుందో అదీ అయింది. ఆమె ముందు నేను సిగ్గుపడలేదు, అది చూడండి!

"బిగబడతావు గదా? ఆ బిగింపే. ముందర పక్క కూడా ఉచ్చ ఆపినట్టు, రెండూ కలిపి లోపలికి, పైకి లాగు. ఐదు లెక్కపెట్టేదాకా పట్టుకో. మళ్ళా పూర్తిగా వదులు. వదిలేది కూడా సామే. పదిమార్లు, దినానికి మూడు పూటలు. కానీ ఉచ్చ పోసేటప్పుడు మాత్రం ఈ సాము సేయొద్దు. సంచి ఖాళీ కాక మళ్ళా ఈ మంటే వస్తాది."

నీళ్ళు గుక్క గుక్కగా రోజంతా తాగాలంది. ఊరికే పావుగంటకొకసారి పోవద్దు, అట్లా పోతే సంచికి అదే అలవాటవుతుంది, కొంచెం కొంచెంగా ఎడం పెంచుకోమంది. అట్లాగని పొద్దంతా బిగబట్టుకోవడం కూడా తప్పేనంది. పోయినప్పుడు తొందరపడకుండా కూర్చోమంది.

"ఎన్ని దినాలకు తగ్గుతాది?" అని అడిగాను.

"మూడు నెలలు. నడుమ నిలిపితే నన్నడగొద్దు." తర్వాత ఒక అడుగు నా దగ్గరికి జరిగి చెప్పింది. "నా రెండో కాన్పయినాక నాకూ ఇదే. మదరాసులో ఒక డాక్టరమ్మ నేర్పితే సేసినా. ఇప్పుడు సూడు, గోడ దుమికిపోతా."

మాత్రలతో జ్వరం, మంట మూడు రోజుల్లో తగ్గాయి. పది రోజులకు ఎమ్మిగనూరు బస్సెక్కాను. ఆ రోడ్డు మీద బస్సు ఎగిరెగిరి పడుతుంటే, ప్రతి గుంతకూ బిగించుకుంటూ, నాలో నేనే నవ్వుకుంటూ వచ్చాను. పక్కన కూర్చున్న పెద్దావిడ నాకు మతి చలించిందనుకుని కొంచెం దూరం జరిగింది.

ఇంటికి వచ్చాక ఒక చిక్కు. ఐదు లెక్కపెట్టాలి, మళ్ళీ ఐదు వదలాలి, పదిసార్లు. రాట్నం తిప్పుతూ పెదవులు కదిలిస్తే మా అత్త చూస్తుంది. మనసులో లెక్కపెడితే కండె నిండేసరికి లెక్క తప్పిపోతుంది. రెండో రోజు మధ్యాహ్నం నాకు తట్టింది. నా పక్కనే లెక్క మోగుతోంది గదా! ఆయన నాడెను అటు విసిరితే టక్, ఇటు విసిరితే టక్. ఐదు చప్పుళ్ళు బిగింపు, ఐదు చప్పుళ్ళు వదులు. ఎంత బాగా కుదిరిందంటే, ఇట్లాంటి ఉపాయం తట్టినందుకు నా వీపు నేనే తట్టుకోవాలనిపించింది.

ఒకరోజు నాలుగు చప్పుళ్ళయ్యాయి, బిగించి ఉన్నాను, ఐదోది రాలేదు.

"ఏమప్పా, ఎందుకు నిలిపితివి?" అని అరిచాను.

ఆయన ఉలిక్కిపడ్డాడు. "పోగు తెగిందే! నీకేం తొందర?"

"బిరీన అతుకు!"

పాపం, నాకు పనిమీద అంత శ్రద్ధ పుట్టిందనుకున్నాడు. ఆ నెల ఆయనను బీడీ తాగడానికి కూడా సరిగ్గా లేవనివ్వలేదు.

ఇంత చేసినా, నెల గడిచేసరికి ఏ మార్పూ లేదు. అదే బిందె, అదే తడి. కట్టెల వెనక అవే గుడ్డలు. చంటిదానికి బాగాలేదన్న వంకతో మళ్ళీ ఆదోనికి పోయి నర్సమ్మ ముందు కూలబడ్డాను. "నా కండ సచ్చిపోయింది నర్సమ్మా" అని ఏడ్చాను.

"సాము సేసి సూపించు" అంది. లోపల పరీక్ష చేస్తూ బిగించమంది. నేను నా శక్తి కొద్దీ బిగించాను. ఆమె ఒకటే నవ్వు.

"ఊపిరి బిగబట్టినావు. పిర్రలు రాయి మాదిరి అయినాయి. తొడలు బిగిసినాయి. మొకం టమాటా పండయింది. అసలు కండ మాత్రం హాయిగ నిద్రపోతాంది!"

నా చెయ్యి తీసి నా పొట్ట మీద పెట్టింది. పొట్ట మెత్తగా ఉండాలి, తొడలు వదులుగా ఉండాలి. "ఇప్పుడు పాట పాడు" అంది.

"పాటా?"

"పాడేటోళ్ళు ఊపిరి బిగబట్టలేరు గదా. పాడుతా బిగించు."

బిడ్డను నిద్రపుచ్చే జోలపాట అందుకున్నాను. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. నాలుగోసారి లోపల ఎక్కడో, నేను ఎన్నడూ ఎరగని చోట, ఒక చిన్నది కదిలి పైకి లేచింది! రాట్నం మీద వదులుగా ఉన్న నూలు చటుక్కున కండెకు బిగుసుకుంటుంది చూడండి, అట్లా.

"అదీ!" అని నర్సమ్మ కేక వేసింది. "దొరికింది! దాన్ని పట్టుకో, పోనియ్యొద్దు!"

నాకూ అరవాలనే ఉంది గానీ పాట ఆపితే అది పారిపోతుందేమోనని జోలపాటనే గొంతెత్తి పాడాను. బయట మా అమ్మ తలుపు కొట్టింది, లోపల ఏం జరుగుతోందోనని. పోయేటప్పుడు నర్సమ్మ ఇంకొక కిటుకు చెప్పింది. తుమ్ము వస్తుందనగా, బిందె ఎత్తుతాననగా, ముందు బిగించాలి, తర్వాతే తుమ్మాలి, తర్వాతే ఎత్తాలి. ఎత్తేటప్పుడు ఊపిరి వదలాలి.

ఆ తర్వాత రాట్నం ముందు పాటలు మొదలయ్యాయి. ఆయన సంతోషించాడు. నవ్వు పోయి పాట వచ్చిందనుకున్నాడేమో. బిందె తడి తగ్గింది. రోజుకు మూడు గుడ్డలు రెండయ్యాయి. రెండు ఒకటయ్యాయి.

శ్రావణం చివర్లో ఒకరోజు ఊరిబిండి పచ్చడి నూరడానికి ఎండుమిరపకాయలు వేయిస్తున్నాను. మా అత్త ఎప్పుడూ ఆ పని నాకే అప్పగించి, పొయ్యి వెలిగించకముందే దొడ్లోకి పోయేది. మిరపకాయలు మాడి ఘాటు లేచింది. మగ్గంలో ఆయన దగ్గు, పిల్లవాడి దగ్గు, నాకు తుమ్ములు. ఒకటి. రెండు. మూడు. బిగించడం, తుమ్మడం. నాలుగు, ఐదు, ఆరు, ఏడు! ఏడు తుమ్ములు! బాణలి పొయ్యి మీదే వదిలి దొడ్లోకి పరిగెత్తి, స్నానం తడిక చాటుకు పోయి చూసుకున్నాను. పొడిగా ఉంది. మళ్ళీ చూసుకున్నాను. ఎండలో ఆరిన నూలులాగా పొడిగా ఉంది! రెండు చేతులూ పైకెత్తి అక్కడే గెంతాను. గెంతితే కూడా ఏమీ కాలేదు. దాంతో ఇంకా గెంతాను.

"ఏందే ఆ గంతులు? దయ్యం పట్టిందా?"

మా అత్త తడిక పక్కన నిలబడి ఉంది. సంతోషం మీద నోరు జారింది. "ఏడు తుమ్ములు తుమ్మితినత్తా, ఒక్క సుక్క పడ్లేదు!"

అన్న తర్వాత నాలుక కరుచుకున్నాను. ఆమె మెల్లగా పోయి దొడ్డి తలుపుకు గడియ పెట్టి వచ్చింది. నా ఎదురుగా నిలబడింది. నేను ఎన్నడూ వినని గొంతుతో అడిగింది.

"ఏం మందు తింటివి?"

"మందు కాదత్తా..."

"నీ మొగుడు పుట్టినప్పట్నుంచీ నాకిదే బతుకు." మాట్లాడుతూనే బట్టలుతికే రాతి మీద కూర్చుంది. "నా తమ్ముని పెండ్లికి పోలేదు. పుట్టింటికి పోయి ఎన్నేండ్లాయెనో. అందరూ పొగరనుకునిరి. అనుకోనీలే అంటి. కట్టెల ఎనక నీ గుడ్డలు సూసినానే. నాకు తెలుసు. మందు లేనిదానికి నోరిప్పి ఏం సేయల్లని ఊరికే ఉంటి."

ఇద్దరం ఒకే ఇంట్లో, ఒకే దొడ్లో, ఒకరి కంట పడకూడదని ఒకరం గుడ్డలు ఆరేసుకున్నాం. ఆమెను పొగరుబోతని నేను కూడా అనుకున్నందుకు నాకు సిగ్గేసింది. ఆమె పక్కన కూర్చుని నర్సమ్మ చెప్పినదంతా చెప్పాను. పెళ్ళి పందిట్లో గాలి సంగతి దగ్గరికి వచ్చేసరికి మా అత్త మొహం మారింది. పెదవి వణికింది. తర్వాత ఆ నిటారు మనిషి కడుపు పట్టుకుని నవ్వింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె నవ్వు నేను మొదటిసారి వినడం.

"అయ్యో అమ్మీ, సాలు సాలు! ఇప్పుడే పోయిందే!" అంది నవ్వుతూనే.

"పోనీలేత్తా, రేపట్నుంచి పట్టుకుందువు!"

లోపలి నుంచి ఆయన "మిరపకాయలు మాడిపోతాండాయి!" అని అరుస్తూనే ఉన్నాడు.

అప్పటి నుంచి మగ్గం చప్పుడుకు ఇద్దరం సాము చేశాం. ఆమె నా వెనక నూలు చిక్కు తీస్తూ కూర్చునేది. నా కంటే పట్టుదల. ఒకరోజు నేను బావి నుంచి వచ్చేసరికి ఆయన ఎదురుగానే అడిగింది. "ఏమ్మే, కండె బిగించినావా?" ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక తలుపు చాటుకు పోయి నవ్వుకున్నాను. ఆ మాట మాకు గుర్తుమాట అయిపోయింది.

మా వీధిలో పొద్దున్నే పడుగు నూలు వీధి పొడవునా సాగదీసి గంజి పట్టేవాళ్ళం. నాలుగైదు ఇళ్ళ ఆడవాళ్ళం చేరేవాళ్ళం. పొగరుబోతని పేరున్న మా అత్త వాళ్ళ దగ్గరికి తానే నడిచిపోయి, ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి అడిగింది. అడిగేసరికి వాళ్ళకూ గుండె ఆగింది, నాకు ఆగినట్టే. వాళ్ళకూ ఏడుపు, తర్వాత నవ్వు. నెల తిరక్కుండా వీధిలో ఎవరు ఎదురుపడినా "కండె బిగించినావా?" అనే పలకరింపు.

"మీ ఆడోళ్ళకు కండెల పిచ్చి పట్టిందే!" అన్నాడు ఆయన. "నా నాడెలో కండె బాగానే ఉంది గదా. ఎందుకంత అడుగుతారు?"

"ఆడోళ్ళ పనిలే, నువ్వు నెయ్యప్పా" అని మా అత్త కసిరింది.

అందరికీ సాముతోనే కుదరలేదు. మా ఎదురింటి ఆమెకు ఐదు కాన్పులు. ఎంత బిగించినా ఏదో కిందికి జారుతున్నట్టే ఉందని, నిలబడలేకపోతున్నానని చెప్పింది. ఇది మన చేతిలో పని కాదని మా అత్త ఆమెను వెంటబెట్టుకుని, తాను కూడా బస్సెక్కి ఆదోనికి పోయింది. నర్సమ్మ చూసి, గర్భసంచి జారిందని చెప్పి, డాక్టరమ్మ చేత లోపల రింగు పెట్టించింది. సాయంత్రం బస్సు దిగి ఎదురింటి ఆమె నిటారుగా నడిచి వస్తుంటే మేమంతా వీధిలోకి వచ్చి చూశాం. మా అత్తను నేను వేరే కారణానికి చూశాను. బస్సులో పోయి, బస్సులో వచ్చింది!

ఆ ఉగాదికి ముందు ఆమె కొడుకును పిలిచి, "నన్ను కైరుప్పలకు తోడుకపో" అంది. అది ఆమె పుట్టిన ఊరు. ఉగాది మరునాడు అక్కడ పిడకల కొట్లాట జరుగుతుంది. ఊరు రెండు జట్లుగా చీలి, స్వామి తరఫున కొందరు, అమ్మవారి తరఫున కొందరు, పిడకలతో కొట్టుకుంటారు. చిన్నప్పుడు ఆమె మిద్దె మీద నిలబడి చూసేదట. పెళ్ళయి వచ్చాక మొదటి రెండేళ్ళు పోయింది, అంతే. మేమందరం బయలుదేరాం. బస్సులో కొంత, ఎద్దుల బండిలో కొంత. దారిలో ఆమె చెంబెడు మజ్జిగ తాగింది. నేను కళ్ళు పెద్దవి చేసి చూస్తే, "సూడొద్దు, కండె బిగించి ఉండాను" అంది చెవిలో.

ఆమె తమ్ముడు గుమ్మంలో అక్కను చూసి నిలబడిపోయాడు. "నా పెండ్లికి రాని అక్క ఇప్పుడొచ్చినావా!" అన్నాడు. అందులో కోపం ఎంతో, ఏడుపు ఎంతో తెలియలేదు. ఆమె అతని తల నిమిరి, "యాళ వస్తే రాకుండ ఉంటానా అప్పా" అంది. అసలు సంగతి అతనికి ఎన్నడూ తెలియదు.

పొద్దు వాలే వేళకు మిద్దెలన్నీ ఆడవాళ్ళతో, పిల్లలతో నిండిపోయాయి. కింద వీధిలో రెండు పక్కలా పిడకల కుప్పలు, తలలకు తుండుగుడ్డలు చుట్టుకున్న మగవాళ్ళు. ఒక్కసారిగా కేక లేచింది. పిడకలు గాలిలో పిట్టల గుంపుల్లాగా ఎగిరాయి. ఎర్రటి దుమ్ము, పిడకల పొడి కలిసి మిద్దెల దాకా లేచింది. ఆ పొడికి అందరికీ దగ్గులు, తుమ్ములు. మా అత్త తమ్ముడు అమ్మవారి జట్టులో ఉన్నాడు. అతని వీపు మీద ఒక పిడక పడి పగిలింది.

మా అత్త పిట్టగోడ దగ్గరికి దుమికింది. నిజంగానే దుమికింది! కొంగు నడుముకు చెక్కింది.

"ఒరే తమ్ముడూ, కుడిపక్క సూడరా! కుడిపక్క! కొట్టు! ఇడిసిపెట్టొద్దు!"

తుమ్మింది, అరిచింది, మళ్ళీ తుమ్మింది. ఎగిరెగిరి చప్పట్లు కొట్టింది. ఆమె మరదలు పక్కన నిలబడి నోరు తెరుచుకుని చూసింది. కింద మా ఆయన పిడకలు మరిచిపోయి పైకి, వాళ్ళమ్మ వైపు చూస్తున్నాడు. నాకైతే ఆ కొట్లాట ఎవరు గెలిచారో ఇప్పటికీ తెలియదు. నేను ఆమెనే చూస్తూ, ఆమెతో పాటే అరుస్తూ ఉండిపోయాను. గొంతులు పోయి, ఒళ్ళంతా పిడకల పొడితో, ఇద్దరం మిద్దె దిగాం. "ఒకసారి కొంచెం జారిందే. ఒకే ఒక్కసారి" అంది మెట్ల మీద. "ఇరవయ్యారేండ్లకు ఒక సుక్క ఏం లెక్కలే!" అని మళ్ళీ నవ్వింది.

ఆ ఏడు దాటాక నాకు మూడో కాన్పు. ఈసారి కడుపుతో ఉన్నప్పటి నుంచే సాము మానలేదు. కాన్పయిన మూడో రోజు పడుకునే మెల్లగా మొదలుపెట్టాను. పాట పాడుతుంటే మంత్రసాని వచ్చి, బాలింత పాటలేంటని అడిగింది. చెప్పాను. ఆమెకు కోపం వచ్చింది. "నేను ఎన్ని కాన్పులు సేసినాను! నాకు తెల్వని సాము యాడిది?" అంది. మా అత్త ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని చాలాసేపు మాట్లాడింది. మంత్రసాని మొహంలో కోపం పోయింది.

"బిడ్డను తీసేదే నేర్సుకుంటిని" అంది చివరికి. "తల్లిని ఎట్ల నిలబెట్టల్లనో నాకెవురూ సెప్పకపోయిరి. ఇంగొకసారి సెప్పు, ఊపిరి వదిలేది ఎప్పుడు?"

మళ్ళీ చెప్పాను. ఆమె నా మంచం పక్కనే నేల మీద బాసింపట్టు వేసుకుని, కళ్ళు మూసుకుని ప్రయత్నించింది. ఊపిరి బిగబట్టింది. పాట పాడమన్నాను. ఆమెకు వచ్చింది నాట్లపాట ఒక్కటే. అదే అందుకుంది, మా అత్త కూడా గొంతు కలిపింది. మగ్గంలో ఆయన నేయడం ఆపి, ఇంట్లో ఏం పండగో అర్థం కాక, గుమ్మంలోకి వచ్చి తొంగిచూశాడు.